హలాల్ పళ్ళెంతోనే ఆగిపోతుందా?

హలాల్, హరామ్ అనగానే మన మనసు ముందుగా భోజనం మీదికే పోతుంది. ముస్లిములు బహు తక్కువగా ఉన్న దేశానికి పిల్లల్ని చదువుకు పంపినప్పుడు ఈ చింత మరీ ఎక్కువవుతుంది. జపాన్‌నే తీసుకుందాం.

అక్కడ చదివే ముస్లిం విద్యార్థికి దుకాణంలో ప్రతి పొట్లమూ ఒక పరీక్షే. వంటల్లో విరివిగా వాడే మిరిన్‌లో మద్యం ఉంటుంది. కొన్ని రకాల సోయా సాస్‌లోనూ ఆల్కహాల్ కలుపుతారు. మిఠాయిల్లోని జెలటిన్ పందిది కావచ్చు. అందుకే చాలామంది భాష పూర్తిగా రాకముందే పందిని సూచించే అక్షరాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటారు. జూన్ నెలలో టోక్యోలో సూర్యోదయం నాలుగున్నరకు ముందే అవుతుంది. ఆ వేళల్లోనూ లేచి ఫజ్ర్ నమాజు చేసే యువకులున్నారు. ఇది ఎంతో ప్రశంసనీయం. అల్లాహ్ స్వీకరించుగాక!

అయితే ఆ విద్యార్థి జీవితంలో ఇంకో పరీక్ష కూడా ఉంది. దాన్ని గురించి మనం అంతగా మాట్లాడుకోం. విద్యార్థి వీసా మీద ఉన్నవారు అక్కడ పని చేయాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సాధారణంగా ఇచ్చే అనుమతి వారానికి 28 గంటలకే. ఎన్ని చోట్ల పని చేసినా మొత్తం కలిపి అంతే. విద్యాసంస్థ ఇచ్చే దీర్ఘకాలిక సెలవుల్లో మాత్రం రోజుకు 8 గంటల వరకు చేయవచ్చు. ఈ షరతుకు ఒప్పుకునే విద్యార్థి అనుమతి పొందుతాడు. ఆ తర్వాత కొందరు సాయంత్రం ఒక దుకాణంలో, రాత్రి మరో గిడ్డంగిలో పని చేస్తూ హద్దు దాటుతారు. "మేమేం దొంగతనం చేయడం లేదే! చెమటోడ్చి సంపాదిస్తున్నాం. ఇది మనుషులు చేసిన చట్టమే కదా!" అంటారు.

వారి కూలి ధర్మసమ్మతమా, కాదా అని తీర్పు చెప్పడం మా పని కాదు. అది ధర్మపండితుల పని. మేము అడిగేది ఇచ్చిన మాటను గురించే. ఆ చట్టం పాపం చేయమని ఆదేశించడం లేదు. దానికి ఒప్పుకున్నది మనమే. మరి ఆ ఒప్పందానికి విలువ లేదా?

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా మొదటి వాక్యాన్ని చూడండి. ఒడంబడికలను నెరవేర్చమని విశ్వాసులను ఆదేశించిన తర్వాత, అదే వాక్యంలో ఏ పశువులు తినడానికి ధర్మసమ్మతమో చెప్పబడింది. అల్లాహ్ ఒకేచోట చెప్పిన రెండు విషయాల్లో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం ఎలా సబబు?

ఎదుటివారు మన ధర్మం వారు కారన్నదీ సాకు కాజాలదు. మక్కా ప్రజలు దైవప్రవక్త (స)ను చంపడానికి కుట్ర పన్నినప్పుడు కూడా వారి సొమ్ములు ఆయన వద్ద అమానతుగా ఉండేవి. హిజ్రత్ వేళ వాటిని సొంతదారులకు అప్పగించే బాధ్యతను ఆయన హజ్రత్ అలీ (రజి)కి ఒప్పజెప్పి వెళ్ళారు. ప్రాణం తీయజూసిన వారి అమానతే అంత పవిత్రమైతే, చదువుకోవడానికి చోటిచ్చిన వారికిచ్చిన మాట ఇంకెంత పవిత్రం!

నిజమే, ఫీజులు, అద్దెలు భారమే. ఆ భారాన్ని మేము తేలిగ్గా చూడటం లేదు. కానీ హద్దు దాటితే వీసా పొడిగింపు నిలిచిపోవచ్చు, చదువే ఆగిపోవచ్చు. కనుక ఖర్చు లెక్క ప్రయాణానికి ముందే వేసుకోవాలి. స్కాలర్‌షిప్పుకు ప్రయత్నించాలి. శక్తికి మించితే ఆగాలి. ఇందులో తల్లిదండ్రుల బాధ్యతా ఉంది. చదువుకునే బిడ్డ నెలనెలా ఇంటికి డబ్బు పంపాలని ఆశిస్తే, ఆ అదనపు గంటల్లో మనకూ వాటా ఉన్నట్టే.

ఫోన్‌లో మనం "నమాజు చేశావా? హలాల్ తిన్నావా?" అని అడుగుతాం. తప్పక అడగాలి. వాటితోపాటు "ఇచ్చిన మాట మీద ఉన్నావా?" అని కూడా అడుగుదాం. పొట్లం మీది అక్షరాన్ని చదివేటప్పుడు ఏ అల్లాహ్‌కు భయపడుతున్నామో, పని గంటలు లెక్కపెట్టేటప్పుడు చూసేదీ ఆ అల్లాహ్‌యే. మన నోటినీ, మన మాటనూ పరిశుద్ధంగా ఉంచే భాగ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.