గడియారములు బాగుచేసిన తండ్రి

ధ్యానవాక్యములు: సామెతలు 20:7, లూకా 16:10



యథార్థముగా నడుచుకొను తండ్రి గతించిన తరువాతకూడ అతని పిల్లలు ధన్యులని జ్ఞాని బోధించుచున్నాడు. ఈ వాక్యము చదువునప్పుడెల్ల హాలండు దేశమందలి హార్లెము పట్టణములో గడియారముల కొట్టు నడిపిన ఒక తండ్రి నాకు జ్ఞాపకమునకు వచ్చును. ఆయన పేరు కాస్పర్ టెన్ బూమ్.

ఆ కొట్టును 1837లో ఆయన తండ్రి ప్రారంభించెను. 1844లో ఆ ఇంటివారు యూదుల నిమిత్తము వారవారము ప్రార్థన కూటము జరుపుట మొదలుపెట్టిరి. 1859లో పుట్టిన కాస్పర్ తన తండ్రియొద్ద చేతిపనిని నేర్చుకొనెను, భక్తినికూడ నేర్చుకొనెను. ప్రతి ఉదయము ఇంటివారిని పనివారిని కూర్చుండబెట్టి, వాక్యము చదివి ప్రార్థించిన పిమ్మటనే పనికి పూనుకొనుట ఆయనకు వాడుక. ఆయన పనితనమునకు మంచి పేరుండెను గాని చేతిలో సొమ్ము నిలువలేదు. చేసిన పనికి డబ్బు అడుగుటకూడ కొన్నిసార్లు మరచిపోయెడివాడని ఆయన కుమార్తె కోరీ చెప్పియున్నది.

ఆమె చెప్పిన మరియొక సంగతి వినుడి. ఒక దినమున పెద్ద బాకీ చెల్లించవలసియుండగా తండ్రి దానికొరకు ప్రార్థించెను. ఇంతలో ధనవంతుడొకడు వచ్చి, మిక్కిలి విలువగల గడియారము ఎంచుకొని, రొక్కము లెక్కపెట్టి ఇచ్చెను. ప్రార్థనకు జవాబు వచ్చెనని మనమైతే అందుము. అయితే ఆ మనుష్యుడు మాటలలో, తన పాత గడియారమును వేరొక కొట్టులోని యౌవనుడు బాగుచేయలేకపోయెనని చెప్పెను. కాస్పర్ దానిని తీసికొని, లోపలనున్న చిన్న లోపమును సరిచేసి, ఆ యౌవనుడు మంచి పనివాడగునని ధైర్యము చెప్పి, సొమ్మంతయు తిరిగి ఇచ్చివేసెను. కోరీ చిన్నబుచ్చుకొనగా, దీవెన గల సొమ్మును దీవెన లేని సొమ్మును ఒకటి కావని తండ్రి ఆమెకు నేర్పెను. బాకీ తీరలేదు, గాని కుమార్తె తండ్రి దేవుని చూచెను.

ప్రియులారా, మన సంఘములలో కిరాణా కొట్టు పెట్టుకొనినవారు, బట్టలు కుట్టువారు, సైకిళ్లు బాగుచేయువారు, సంతలో కూరగాయలు అమ్మువారు ఉన్నారు. ఆదివారమున తెల్లబట్టలు కట్టుకొని గుడికి వచ్చెదము. సోమవారమున చదువురాని ముసలమ్మ ఖాతా పుస్తకము చూపించి, ఎంత అయినది నాయనా అని అడుగును. అప్పుడు మనము చెప్పు లెక్కను దేవుడు వినును. గల్లాపెట్టె ప్రక్కన కూర్చున్న మన కుమారుడును వినును. నేను ప్రసంగపీఠమునుండి చెప్పినది వాడు మరచిపోవచ్చును. మీరు త్రాసు దగ్గర నేర్పినది మరువడు.

1940లో నాజీ సైన్యములు హాలండును పట్టుకొనెను. యూదులను వెదకి చెరపట్టి చంపుచున్న ఆ దినములలో టెన్ బూమ్ వారి తలుపు తట్టినవారికి త్రోసివేత లేదు. కోరీ పడకగదిలో దొంగగోడ కట్టి, దాని వెనుక మరుగుచోటు ఏర్పరచిరి. 1944 ఫిబ్రవరి 28న, సహాయము కోరినట్లు నటించిన ఒకని ద్రోహమువలన పోలీసులు వచ్చి ఇంటివారిని పట్టుకొనిపోయిరి. గోడ వెనుకనున్న ఆరుగురు మాత్రము వారికి దొరకలేదు. కాస్పర్‌కు అప్పుడు ఎనుబదినాలుగు ఏండ్లు. ఇక అల్లరి చేయనని మాట యిచ్చినయెడల ఇంటికి పంపెదమని అధికారి చెప్పగా, నేడు వెళ్లినను రేపు అక్కరతో తట్టినవానికి మరల తలుపు తీయుదునని ఆయన ప్రత్యుత్తరమిచ్చెను. పది దినములకు చెరలోనే ప్రభువునందు నిద్రించెను.

ఈ ధైర్యము ఆ దినమున ఆకాశమునుండి ఊడిపడినది కాదు. చేతికి వచ్చిన సొమ్మును తిరిగి ఇచ్చిన దినమునే ఆయన తన ప్రాణమునుకూడ దేవుని చేతిలో పెట్టుట అభ్యసించెను. కొంచెములో నమ్మకము అనగా ఇదియే.

అయితే పిల్లలు ధన్యులైరా? పెద్ద కుమార్తె బెట్సీ అదే సంవత్సరము డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ శిబిరమందు మరణించెను. కోరీ మాత్రము విడుదల పొంది, ఆ పిమ్మట అనేక దేశములు తిరిగి క్షమాపణను ప్రకటించెను. ఆ శిబిరపు కావలివాడొకడు ఎదుటికి వచ్చి చేయి చాపినప్పుడు, మొదట చేయి లేవకున్నను, ప్రార్థించి ఆ చేయి పట్టుకొనెను. ధన్యత యనగా శ్రమ లేకపోవుట కాదు. శ్రమలో నిలుచుటకు చాలిన దేవుని తండ్రి ఇంట ముందే ఎరిగియుండుట.

తండ్రులారా, మీరు పొలము వ్రాసి ఇయ్యలేకపోవచ్చును, కొట్టు నిలుపలేకపోవచ్చును. ఈ నెలలో రెండు పనులు చేయుడి. కొట్టు తలుపు తీయకముందు పిల్లలతో ఒక అధ్యాయము చదువుడి. ఎవనియొద్దనైన ఎక్కువ తీసికొనియుంటిరేని, మీ పిల్లలు చూచుచుండగా తిరిగి ఇచ్చివేయుడి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా త్రాసును మా నాలుకను శుద్ధిచేయుము. మా తరువాత మా పిల్లలు నిన్ను ఎరిగియుండునట్లు మమ్మును నేడు నడిపింపుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.