21 ఏళ్ళ డిఫెండర్‌ని అడగకుండా మార్చుకోవచ్చా?

మన ఒడిశాలో హాకీ అంటే టర్ఫ్ మీద ఆడే ఆట. 2018లోనూ 2023లోనూ ప్రపంచకప్ ఇక్కడే జరిగింది కాబట్టి దాని గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. నేను రాస్తున్నది మంచు మీద ఆడే ఐస్ హాకీ గురించి. అమెరికా, కెనడాలలో నేషనల్ హాకీ లీగ్ ఉంది. అందులో ఒక జట్టు తన ఆటగాణ్ణి వేరే జట్టుకి ఇచ్చేసి, బదులుగా ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. దాన్ని ట్రేడ్ అంటారు. చాలాసార్లు ఆ ఆటగాణ్ణి అడగాల్సిన పని కూడా ఉండదు. ఇది న్యాయమేనా?

కుర్ర డిఫెండర్ల విషయంలో ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి. ఫార్వర్డ్ ప్రతిభ తొందరగా బయటపడుతుంది, గోల్ కొడితే లెక్కలోకి వస్తుంది. డిఫెండర్ అలా కాదు. ఎప్పుడు ముందుకెళ్ళాలో, ఎప్పుడు ఆగాలో తప్పులు చేస్తూనే నేర్చుకోవాలి. అతని తప్పు గోల్ అయిపోయి అందరికీ కనబడుతుంది. అతను ఆపిన గోల్ మాత్రం, జరగనే లేదు కదా, ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అలాంటివాడికి ధర కట్టడమంటే మామిడితోటని పూత మీదే బేరం పెట్టడంలాంటిది. కాకపోతే తోటకి ఇల్లూ స్నేహితులూ ఉండరు.

సేథ్ జోన్స్‌ని నాష్‌విల్ జట్టు 2013లో నాలుగో ఎంపికగా తీసుకుంది. అప్పుడతనికి 18 ఏళ్ళు. 2016 జనవరి 6న అతన్ని కొలంబస్ జట్టుకిచ్చి, రయాన్ జొహాన్సెన్ అనే సెంటర్ ఆటగాణ్ణి తెచ్చుకుంది. నాష్‌విల్‌కి షే వెబర్, రోమన్ జోసీలాంటి డిఫెండర్లు ఉన్నారు, గట్టి సెంటర్ లేడు. కొలంబస్‌కి మంచి డిఫెండర్ కావాలి. 2017లో నాష్‌విల్ స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్ళి పిట్స్‌బర్గ్ చేతిలో ఓడింది. జోన్స్ కొలంబస్‌లో పెద్ద ఆటగాడయ్యాడు. ఇద్దరికీ లాభమే కదా, ఇంకేం గొడవ అంటారు. కానీ ఆ మర్నాడే జోన్స్ మోకాలు విరిగి ఉంటే? నిర్ణయం అదే, తీసుకున్న పద్ధతీ అదే. ఫలితం చూసి న్యాయం చెప్పడం నాకు నచ్చదు.

అదే ఏడాది జూన్ 29న ఎడ్మంటన్ జట్టు టేలర్ హాల్‌ని న్యూజెర్సీకి ఇచ్చి, ఆడమ్ లార్సన్ అనే 23 ఏళ్ళ డిఫెండర్‌ని తెచ్చుకుంది. ఒకరికి ఒకరు, అంతే. 2018లో హాల్‌కి లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ వచ్చింది. లార్సన్ ఎంత బాగా అడ్డుకున్నా, హాల్ గోల్స్ పక్కన పెట్టి చూసేవాళ్ళే ఎక్కువ. త్రాసు తెచ్చింది వేరేవాళ్ళు, తూగవలసింది మాత్రం ఇతను!

ఈ మాట అంటే మా నాన్నగారు కొట్టిపారేశారు. ఆయన రైల్వేలో పనిచేస్తారు. "ఉద్యోగమన్నాక బదిలీలుండవేంట్రా? వాళ్ళకి కోట్ల జీతాలు కూడానూ" అన్నారు. జీతం మాట నిజమే. అయితే అది ఆడినందుకిచ్చేది, నోరు మూసుకున్నందుకు కాదు కదా. బదిలీ సంగతికొస్తే, రైల్వేలో మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ అని ఉంటుందని ఆయనే ఒకసారి చెప్పారు. ఇక్కడివాడు అక్కడికి, అక్కడివాడు ఇక్కడికి. అదీ మార్పిడే. కాకపోతే దరఖాస్తు మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. నేనిలా అనేసరికి ఆయన నవ్వి పేపర్ తీసుకున్నారు.

ట్రేడ్‌లే వద్దని నేననను. జీతాలకి లీగ్ ఒక పరిమితి పెట్టింది, జట్టు అందరినీ ఉంచుకోలేదు. డిఫెండర్లు ఎక్కువైన చోట కుర్రాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టడం కన్నా ఆడనిచ్చే చోటికి పంపడమే మేలు. నాకు నచ్చనిది ఒక నిబంధన. తనని ట్రేడ్ చేయకూడదన్న షరతు ఒప్పందంలో ఉన్నా, అది అమల్లోకి రావాలంటే ఆటగాడికి 27 ఏళ్ళు నిండాలి, లేదా ఏడు సీజన్లు ఆడి ఉండాలి. అంటే పేరూ డబ్బూ సంపాదించుకున్నవాడు వద్దనగలడు. ఇల్లు వదిలి కొత్తగా వచ్చిన 21 ఏళ్ళవాడికి ఆ మాట అడిగే వీలే లేదు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే లేదన్నమాట.

కనీసం ఫలానా నాలుగైదు జట్లకి వెళ్ళనని ముందే రాసిచ్చే హక్కు ఆ కుర్రాడికి ఇవ్వొచ్చు. అప్పుడు బేరాలు కుదరడం కష్టమంటారు. నిజమే, కష్టమే. ఇప్పుడు ఆ కష్టమంతా కుర్రాడి మీదే ఉంది, అందులో కొంత మేనేజర్లూ పడతారు.