గర్వం మోపిన బాకీ

ఆరో శతాబ్దపు పోపు గ్రెగరీ గర్వాన్ని సకల పాపాలకూ తల్లివేరన్నాడు. అహంకారంతో కళ్లు కప్పుకుపోయినవాడే అన్నిటికీ కర్తను నేనేననుకుంటాడని గీత మూడో అధ్యాయం చెబుతుంది. మరి, నన్ను మించినవాడు లేడనిపించుకోవాలన్న తపనతోనే తెల్లవారి లేచే క్రీడాకారుడి సంగతేమిటి? ఆ తపన పోతే అతను మంచివాడు కావచ్చు గాని, ఆటగాడుగా మిగులుతాడా? తకేహికో ఇనోవే 1990 నుంచి 1996 దాకా షోనెన్ జంప్ వారపత్రికలో గీసిన బాస్కెట్‌బాల్ మాంగా ‘స్లామ్ డంక్’ ఈ ప్రశ్నను తప్పించుకోకుండా ఎదుర్కొంది. అందులో గర్వం అణగడం వల్ల ఎదిగినవాడు నాకెవడూ కనబడడు. గర్వం తమ మీద మోపిన బాకీ తీర్చడానికి సిద్ధపడ్డవాళ్లే ఎదిగారు.

సకురాగి హనామిచినే చూడండి. ఒక అమ్మాయి మెప్పు కోసం షోహోకు హైస్కూల్ జట్టులో చేరతాడు. ఆట ఓనమాలు రాకముందే తాను మహా ప్రతిభావంతుణ్ణని చాటుకుంటాడు. అప్పటికది పచ్చి అబద్ధం, కాని ఆ అబద్ధం అతణ్ణి ఊరికే వదలదు. కైనాన్ జట్టుతో మ్యాచ్ ఆఖరి క్షణాల్లో పొరపాటున బంతిని ప్రత్యర్థి చేతికే అందించి ఓటమికి కారణమైనప్పుడు, తన ఎర్రజుట్టంతా దాదాపు గుండు చేసుకుని వస్తాడు. జాతీయ పోటీలకు ముందు వారం రోజుల్లో 20,000 షాట్లు వేస్తాడు. తాను గొప్పవాణ్ణనుకోనివాడికి ఆ ఓటమిలో అంత సిగ్గూ ఉండదు, ఆ వారంలో అంత మొండితనమూ ఉండదు. అతణ్ణి పైకి తెచ్చింది కష్టమే తప్ప గర్వం కాదని ఎవరైనా అనవచ్చు. అలాగైతే కష్టం ఫలించాక బడాయి తగ్గిపోవాలి. తగ్గలేదు. చివరి అధ్యాయంలో వెన్ను దెబ్బతిని చికిత్సలో ఉన్నప్పుడు, కఠినమైన వ్యాయామాలు తట్టుకోగలవా అని అడిగితే, అతని జవాబు మళ్లీ ఆ మొదటి బడాయే. కాకపోతే ఇప్పుడు ఆ మాటకు పూచీ ఉంది.

నా వాదనకు అసలైన చిక్కు షోహోకులోనే మరో ఆటగాడు మిత్సుయి. జూనియర్ హైస్కూల్లో ఉత్తమ ఆటగాడు. హైస్కూల్లో మోకాలు దెబ్బతింది, పూర్తిగా మానకముందే ఆడబోయి మళ్లీ గాయపడ్డాడు. తాను లేకుండానే జట్టు సహచరుడు అకాగి రాణించడం చూడలేక ఆట మానేసి రౌడీల్లో కలిశాడు. ఆఖరికి తన పాత జట్టునే నాశనం చేయాలని ముఠాను వెంటేసుకుని వచ్చాడు. ఇది గర్వం చేసిన పనే, ఇక్కడ గ్రెగరీ మాట కొట్టిపారేయలేం. అయితే అతణ్ణి ముంచింది గర్వంలో ఒక పాయ మాత్రమే: గొప్పగా ఆడటం కన్నా గొప్పగా కనబడటం ముఖ్యమైపోవడం. కోలుకునే నెలల్లో నలుగురి కళ్లకూ తక్కువగా కనబడాల్సి వస్తుందని భయపడి బాకీ ఎగ్గొట్టాడు. తన చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్లే చూస్తుండగా, కోచ్ అంజై ముందు కూలబడి, ఆడాలని ఉందని వెక్కివెక్కి ఏడుస్తాడు. అక్కడ పోయింది పరువు. ఆటగాడి గర్వం మాత్రం అక్కడే తిరిగి మొదలైంది. జాతీయ పోటీల్లో సన్నో జట్టుతో మ్యాచ్‌లో చేతులు లేవనంత అలసటలోనూ అతనితో మూడు పాయింట్ల షాట్లు వేయించింది అదే.

జట్టు ఆటలో చివరికి నేను అన్నది కరిగిపోవాల్సిందే కదా, గీత చెప్పిందీ అదే కదా అని ఇంకో ప్రశ్న. అదే మ్యాచ్‌లో షోహోకు కెప్టెన్ అకాగి సన్నో సెంటర్ కవాటా ముందు తేలిపోయి కుంగిపోతాడు. అప్పుడు పాత ప్రత్యర్థి ఉవోజుమి, ఆట వదిలి వంటపని నేర్చుకుంటున్నవాడు, వంటవాడి తెల్లబట్టల్లో కోర్టు పక్కకొచ్చి పెద్ద కత్తితో ముల్లంగిని పలచటి పొరగా చెక్కడం మొదలుపెడతాడు. మెరుపు విద్యలు కవాటావి, నువ్వు అడుగున బతికే చేపవు, బురద పూసుకో అన్నది అతని హితవు. తాను కవాటాకు ఓడినా షోహోకు ఓడనక్కర్లేదని అకాగికి తడుతుంది. రాలిపోయింది పోలిక, గర్వం జట్టంత పెద్దదైంది. ఆఖరి క్షణాల్లో షోహోకు ఏస్ రుకావా బంతిని తనకు గిట్టని సకురాగికి అందిస్తాడు, 79–78తో షోహోకు గెలుస్తుంది. ఇద్దరూ అరచేతులు చరుచుకుని, మరుక్షణమే మొహాలు తిప్పుకుంటారు. ఎవరూ కరిగిపోలేదు. గీత కూడా కర్తనన్న భ్రమను వదలమన్నదే గాని, రెండో అధ్యాయంలో అపకీర్తిని గుర్తుచేసి అర్జునుడి పౌరుషాన్నే తట్టి లేపింది.

ఇదే కథతో ఇనోవే తీసిన ‘ది ఫస్ట్ స్లామ్ డంక్’ సినిమాలో, ఆ మ్యాచ్‌లో ఓడిన సన్నో ఏస్ సవాకిటా పోటీలకు ముందు గుడికి వెళతాడు. గెలుపు కోరడు. జపాన్ హైస్కూల్ ఆటలో నిరూపించాల్సింది నిరూపించానని, తనకింకా అవసరమైన అనుభవం ఏదైనా ఉంటే ప్రసాదించమని వేడుకుంటాడు. దొరికింది ఓటమి. దీన్ని గర్వభంగంగా చదవడం తేలిక. కాని దేవుడు గర్విష్ఠులను శిక్షించదలిస్తే సకురాగిని గెలిపించడు. పైగా గెలిచిన షోహోకు తర్వాతి మ్యాచ్‌లోనే ఐవా చేతిలో చిత్తుగా ఓడింది. వినయానికి బహుమతి, అహానికి దండన అన్న లెక్క ఇక్కడ ఎటూ కుదరదు. తన స్థాయిని అంత ఎత్తున ఊహించుకున్నవాడికే అక్కడ ఇంకా ఏదో కొరత ఉందని తోస్తుంది. ఆ ప్రార్థనను పుట్టించింది గర్వమే కాబట్టి, ఆ ఓటమి అడిగినవాడికి అందిన వరమని నేను నమ్ముతాను. మ్యాచ్ అయ్యాక ఆ మొక్కు గుర్తొచ్చి సవాకిటా ఏడ్చాడు. తర్వాత ముందే అనుకున్నట్టు అమెరికా విమానం ఎక్కాడు.