ఎంచుట అను మాట



పట్టణములలో చదువుకొని సెలవులకు ఇంటికి వచ్చు మన పిల్లల నోట ఈ మధ్య ‘ప్రయారిటీ’ అను మాట తరచుగా వినబడుచున్నది. దానినే క్రియగా మార్చి ‘ప్రయారిటైజ్ చేసికోవలెను’ అనియు అనుచున్నారు. అనేకమైన పనులుండగా దేనిని ముందు పెట్టవలెను, దేనిని వెనుక పెట్టవలెను అని తేల్చుకొనుటయే దాని అర్థము. ఇది క్రొత్త సంగతి కాదు. దీనికి మన తెలుగులో బహు పాత క్రియ యొకటి కలదు. అది ‘ఎంచు’ అనునది.

ఈ మాట ఎట్లు పనిచేయునో కొంచెము నిదానించి చూడుడి. సంతలో గొఱ్ఱెలను ఎంచుదుము, అనగా లెక్కింతుము. విత్తనములలో మంచివాటిని ఎంచుకొందుము, అనగా ఏరుకొందుము. ఒకనిని పెద్దగా ఎంచుదుము, అనగా గౌరవింతుము. పొరుగువాని తప్పులను కూడ ఎంచుదుము. ఈ చివరి పని మనకెవరును నేర్పనక్కరలేదు. లెక్కించుట, ఏరుకొనుట, విలువకట్టుట, ఈ మూడును ఒక్క మాటలో ఇమిడియున్నవి. ‘లెక్క’ అను మాటయు ఇట్టిదే. రూపాయలను లెక్కపెట్టుదుము, మనుష్యుని లెక్కచేయుదుము, లేదా లెక్కచేయము. ‘వాడు నన్ను లెక్కచేయలేదు’ అని ఒకడు కంట తడిపెట్టునప్పుడు అతడు రూపాయలను గూర్చి మాటలాడుట లేదు.

అబ్రాహాము నమ్మినప్పుడు దేవుడు ఆ నమ్మికను ఏమి చేసెనో చెప్పుటకు మన తెలుగు బైబిలు ఈ క్రియనే తీసికొన్నది. ‘ఎంచు’కు తోబుట్టువైన ‘ఎన్ను’ నుండి ‘ఎన్నిక’ పుట్టినది. ఎన్నిక అనగానే ఈ దినములలో ఓటే జ్ఞాపకమునకు వచ్చును గాని, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో ‘ఎన్నికలేనివారు’ అను మాటకు ఎవరి లెక్కలోనికిని రానివారు అని భావము. దేవుడు ఏర్పరచుకొన్నది అట్టివారినే అని పౌలు వాదించుచున్నాడు. మన తాతలలో అనేకులకు ఆ మాటను వివరింపవలసిన పని లేకపోయెను. ఊరి బావియొద్ద గాని, దొరవారి గడప యొద్ద గాని తమ్మును ఎంచినవారు లేరని వారెరుగుదురు.

ఇప్పుడు ఈ క్రియలోని కష్టమునకు వత్తము. ఒక్క వస్తువును పట్టుకొని ఇది ముఖ్యము అనుట సులభము. దీనికంటె అది ముఖ్యము అనుటయే కష్టము. అందుచేత మనము సాధారణముగా ‘అన్నియు ముఖ్యమే’ అని తప్పించుకొందుము. అట్లనువాడు ఇంకను ఎంచలేదు. తల్లిదండ్రులను అడుగుడి: కొడుకును కూతురును మాకు సమానమే అందురు. నోటితో అబద్ధమాడుట లేదు. అయితే చేతిలోని సొమ్ము ఒక్కరి ఫీజుకే చాలినప్పుడు కొడుకు ఇంజనీరింగునకు పోవును, కూతురు ఇంటరుతో ఆగి పత్తి ఏరబోవును. ఆ యింటిలో ఎంచుట జరిగినది. ఎవరును నోరు తెరచి చెప్పకుండనే జరిగినది.

‘మొదట’ అను మాటను ప్రభువు కొండమీది ప్రసంగములో ఎట్లు వాడెనో చూడుడి. మత్తయి ఆరవ అధ్యాయములో దేవుని రాజ్యమును మొదట వెదకుడని చెప్పెను. ఇది మనకందరికి కంఠస్థమే. మొదట అనెను గాని ‘మాత్రమే’ అనలేదు. మొదటిది ఉన్నచోట రెండవదియు ఉండును. అన్నము, బట్ట మనకు అవసరమని తండ్రికి తెలియునని అక్కడనే చెప్పబడినది. రెండవ స్థానము అవమానము కాదు. ఒకదానిని ముందు పెట్టుటయనగా తక్కినవాటిని పెంటమీద పారవేయుట అని తలంచువారు ఇంటిని నిర్లక్ష్యము చేసి అది భక్తి యందురు.

మన తెలుగు సంఘములలో స్త్రీలు చాలకాలముగా పాటించిన పిడికెడు బియ్యపు ఆచారము మీరెరిగినదే. ఎసరులో బియ్యము పోయకమునుపు ఒక పిడికెడు తీసి వేరుగా నుంచి, ఆదివారమున గుడికి తెచ్చుదురు. (ఆ బియ్యములో కొంత అయ్యగారి యింటికే చేరుట కద్దు గనుక దీనిని పొగడుటకు నాకు కొంత సంకోచమే.) పిడికెడు చిన్నదే. అయినను వండి తినిన తరువాత మిగిలినది కాదు, వండకమునుపు తీసినది. ఎంచుట అక్కడ నున్నది.

అయితే డబ్బాలో రెండే పిడికెళ్లున్నవి, బిడ్డ ఆకలితో ఏడ్చుచున్నది, అప్పుడేమి చేయవలెను? బిడ్డకు గంజి కాయవలెనని నేను నిస్సందేహముగా చెప్పుదును. తలిదండ్రులకు రావలసినదానిని కొర్బాను అని దేవుని పేర ప్రక్కకు పెట్టినవారిని ప్రభువు గద్దించినట్లు మార్కు ఏడవ అధ్యాయములో నున్నది. దేవుని పేర ఇంటివారిని ఎండగట్టుటను ఆయన కానుకగా ఎంచలేదు.

రెండు మంచి సంగతులలో ఏది పెద్దదో చెప్పుటకు ధైర్యము కావలెను. నాడు నైజాము రాజ్యములో వరంగల్లు జిల్లాలో నుండి నేడు మహబూబాబాదు జిల్లాలో నున్న దోర్నకల్లును మీలో అనేకులు చూచియుందురు. తిరునెల్వేలి ప్రాంతపు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1909లో అక్కడికి మిషనెరీగా వచ్చి, 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. దానికి ముందు, 1910లో, స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన మాటలాడిరి. వెయ్యిమందికి పైగా కూడిన ఆ సభలో ఆసియా ముఖములు కొద్దియే. పడమటి దేశపు మిషనెరీలు ఇచ్చిన ధనమును, అర్పించిన ప్రాణములను ఆయన తక్కువచేయలేదు. కాని వాటితో చాలదని, తమకు స్నేహితులు కావలెనని అడిగిరి. విన్నవారిలో కొందరు నొచ్చుకొనిరి. ఆయన తరువాత క్రైస్తవ దాతృత్వమును గూర్చి పుస్తకమును వ్రాసినవారు. కానుక విలువ తెలియక అట్లనలేదు. కానుకను రెండవదిగాను, ప్రేమను మొదటిదిగాను ఎంచిరి.

కొండమీది ప్రసంగములో ఇంకొక ‘మొదట’ కూడ కలదు. అది అంతగా కంఠస్థము కాలేదు. అయిదవ అధ్యాయములో, బలిపీఠమునొద్ద అర్పణతో నిలిచినవానికి తన సహోదరునికి తనమీద ఏదో విరోధమున్నదని జ్ఞాపకము వచ్చును. ప్రభువు వానితో, అర్పణ అక్కడ విడిచి, మొదట వెళ్లి సమాధానపడుమనెను. తన కానుకను తానే వెనుకకు జరిపెను!

దీనిని మన కోతపండుగకు తెచ్చి చూడుడి. ఒక గెట్టు విషయములో అన్నదమ్ములిద్దరు మూడేండ్లుగా మాటలాడుట లేదనుకొనుడి. ఇద్దరును సంఘస్థులే. ఇద్దరును గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల బస్తాలు తెచ్చుదురు. వేలములో ఒకడు పాడినదానికంటె రెండవవాడు ఎక్కువ పాడును, అందరును చప్పట్లు కొట్టుదురు, పెద్ద పాటకు పెద్ద స్తోత్రము చెప్పబడును. సంఘపు లెక్క ఆ దినము హెచ్చును గనుక పెద్దలెవరును గెట్టు మాట ఎత్తరు. అట్టి పండుగలో మనము దేనిని మొదటిదిగా ఎంచితిమి?

ఈ యేడు వారిలో ఒకడు కానుక తెచ్చి గుమ్మములో తడబడి నిలిచినయెడల, పెద్దలారా, వానిని ముందుకు పిలువకుడి. తమ్ముని యింటివరకు వెళ్లి రానియ్యుడి. ఆరాధన ఒక గంట ఆలస్యమైనను కానియ్యుడి. గుమ్మడికాయ బల్లయొద్దనే యుండును. అది చెడిపోవు వస్తువు కాదు.