తాతగారి చుట్ట

మృతులకు ఆకలి ఉండునా అను ప్రశ్నకు తత్త్వవేత్తలు ఇంకను సమాధానము వెదకుచునే యున్నారు. మెక్సికో దేశపు ఇల్లాలు మాత్రము అంతవరకు వేచియుండదు. నవంబరు 1వ తేదీన మరణించిన పిల్లలకును, 2వ తేదీన పెద్దలకును ఇంట పీఠము నమర్చి, చిత్రపటము ముందు నీళ్లు, ఉప్పు, క్రొవ్వొత్తులు, తీపి రొట్టె, చక్కెర పుర్రెలు ఉంచును. గుగ్గిలము వంటి కోపాల్ ధూపము వేయును. గుమ్మమునుండి పీఠము వరకు బంతిరేకులు చల్లును. ఆ రంగును, ఆ వాసనను పట్టుకొని పోయినవారు ఇల్లు చేరుదురని నమ్మకము. తాతగారు చుట్ట కాల్చువారైనచో ఒక చుట్టయు, అగ్గిపెట్టెయు ఉంచును. అగ్గిపెట్టె మరచినచో పరలోకమునుండి వచ్చినవాడు ఎవరి నడుగవలెను?

ఆ బంతి పుట్టినిల్లు మెక్సికోయే. పొగాకుదియు అమెరికా ఖండమే. రెండును సముద్రములు దాటి తెలుగునాటికి వచ్చి, ఒకటి పండుగనాటి తోరణమైనది, మరియొకటి గోదావరి లంకలలో పైరైనది.

చుట్టకును ఈ పండుగకును పోలిక పీఠముతో తీరదు. వెరాక్రూజ్ రాష్ట్రమందలి సాన్ ఆంద్రెస్ తుస్త్లా పట్టణము చుట్టలకు పేరుపొందినది. కోసి, వ్రేలాడదీసి, ఎండబెట్టి, మండెలువేసి పులియబెట్టిన ఆకు ఏనాడో మృతి చెందినదే. నిప్పు తగిలిన పిదప గంటసేపు దానికి మరల ప్రాణము వచ్చును. పితరులకు దొరకు సెలవును ఇంచుమించు అంతియే. వచ్చిన పితరులు వంటకములను తినరు, వాని సారమును మాత్రమే గ్రహింతురట. చుట్ట తీరు తెలిసినవాడును పొగను మ్రింగడు, రుచి చూచి విడిచిపెట్టును. ఇక చివర నిలిచిన బూడిదను రాల్చక, ఎంత పొడవైనదో పదిమందికి చూపి గర్వించు మానవుని గూర్చి వేరుగ చెప్పనేల?

1962 నుండి 1968 వరకు భారతదేశమున మెక్సికో రాయబారిగా నుండిన కవి ఒక్తావియో పాస్, మెక్సికోవాడు మృత్యువుతో పరిహాసమాడునని 1950లోనే వ్రాసెను. అయినను పరిహాసమునకు ఒక హద్దు కలదు. పొగాకు ఏటేట 70 లక్షలకు పైగా ప్రాణములను బలిగొనుచున్నది. ఆ తాతగారిని తీసికొనిపోయినది ఆ చుట్టయే కావచ్చును. చంపినదానినే నైవేద్యము పెట్టుట న్యాయమా? తండ్రి బ్రతికియుండగా చుట్టలను దాచి, ఆయనతో పోట్లాడిన కూతురే నేడు మేలైన చుట్టను ఏరి కొనుచున్నది. ఇది కపటమని కొందరనవచ్చును.

కపటము కాదు. ఆనాడు ఆమె దాచినది ఆయన దేహముకొరకు. ఆ దేహమునకిక ఏ కీడును లేదు. ఈనాడు పెట్టునది ఆయన కొరకు. తండ్రి సద్గుణములను మాత్రమే పీఠముపై పేర్చినచో, వచ్చిన పెద్దమనిషి ఇది మరియెవరి ఇల్లో యనుకొని వెనుదిరిగిపోడా? మనుష్యుని గుర్తుపట్టించునవి పెక్కుసార్లు ఆయన దురలవాట్లే. తెలుగునాట పెద్దల పండుగనాడు పోయినవారికి ప్రియమైన వంటకములు పెట్టువారికి ఈ మాట క్రొత్తది కాదు.

అయితే పీఠము ప్రక్కన పదునారేండ్ల మనుమడు నిలిచియున్నాడు. తాతగారి నెంత ప్రేమించుచున్నారో, ఆ ప్రేమ ఏ వాసన వేయుచున్నదో వాడు చూచుచున్నాడు. తర్కము వాని యెదుట కొంత తడబడును. కూతురికి ఈ సంగతి తెలియును. పండుగ ముగిసిన పిదప రొట్టెను, పండ్లను వానికి పెట్టి, చుట్టను మాత్రము తానే తీసికొని, తండ్రి వెదకినను దొరకని పాత చోటుననే దాచును.