కోచ్ ఒక్కడేనా కర్త?

ఈ వారం వీడియోలో భగవద్గీత 18వ అధ్యాయం 14వ శ్లోకం చూశాం కదా. ఏ పని జరగాలన్నా అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం, ఈ ఐదూ కలవాలని కృష్ణుడు చెప్పేది అక్కడే. ఇన్ని ఉండగా ‘నేనొక్కడినే కర్త’ అనుకునేవాడికి చూపు సరిగ్గా లేదని 16వ శ్లోకంలో అంటాడు. మరి ఎదుటివాడిని ఒక్కడినే కర్తగా చూస్తే? వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన ఉదాహరణ ఒకటి ఉంది. ఫుట్‌బాల్‌ది. మీలో కొందరు శనివారం రాత్రుళ్లు ఇంగ్లిష్ లీగ్ చూస్తారని తెలుసు, నేనూ చూస్తాను.

ఓడిపోతున్న టీమ్‌కి కొత్త కోచ్ వస్తాడు. నాలుగు మ్యాచ్‌లు పోతే చాలు, "వీడి వల్ల కాదు, పంపించేయండి" అనేస్తాం.

1986 నవంబర్ 6న అలెక్స్ ఫెర్గూసన్ మాంచెస్టర్ యునైటెడ్‌కి మేనేజర్‌గా వచ్చాడు. 22 జట్లలో యునైటెడ్ అప్పుడు 21వ స్థానంలో ఉంది. ఆ సీజన్ 11తో ముగిసింది. తర్వాతి సీజన్ 2, ఆశ పుట్టింది. ఆ పైన మళ్లీ 11. 1989 సెప్టెంబర్‌లో ఊళ్లోని ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీ చేతిలో 5-1తో ఓడారు. డిసెంబర్‌లో సొంత అభిమానే బ్యానర్ పట్టుకున్నాడు, మూడేళ్లుగా సాకులే, ఇక వెళ్లిరమ్మని.

1990 జనవరి 7న ఎఫ్ఏ కప్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ తలతో కొట్టిన ఒక్క గోల్‌తో గెలిచారు. మే నెలలో కప్ కూడా వచ్చింది. 1993లో, 26 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్. 2013లో రిటైరయ్యేసరికి ఫెర్గూసన్ లెక్క 13 లీగ్ టైటిళ్లు.

"చూశారా, ఓపిక పడితే ఫలితం వస్తుంది" అని చెప్పడానికే అందరూ ఈ కథ వాడతారు. నాకది నచ్చదు. అదీ ఫలితం చూసి చెప్పిన తీర్పేగా! ఆ బంతి బయటికి పోయి ఉంటే? అప్పటిదాకా ఆయన చేసిన పని ఏమీ మారదు. మనం మాత్రం బ్యానర్ పట్టుకున్నవాడే కరెక్ట్ అనేవాళ్లం.

ఆ మూడేళ్లలో పాయింట్ల పట్టికలో కనపడనివి చేష్టలు. పిల్లల్ని వెతికే స్కౌట్‌లను పెంచాడు. 1987లో ర్యాన్ గిగ్స్ అనే కుర్రాడి 14వ పుట్టినరోజున స్వయంగా వాళ్లింటికి వెళ్లాడు. తాగుడు అలవాటును సహించక 1989లో పాల్ మెక్‌గ్రాత్, నార్మన్ వైట్‌సైడ్‌లను అమ్మేశాడు. (మెక్‌గ్రాత్ ఆస్టన్ విల్లాకి వెళ్లి అద్భుతంగా ఆడాడు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా, నాకింకా తేలలేదు.)

శంకరుల భాష్యంలో అధిష్ఠానం అంటే శరీరం, కరణాలంటే ఇంద్రియాలు. నేను కాస్త సాగదీసి క్లబ్‌ని అధిష్ఠానం, ఆటగాళ్లను కరణాలు అంటున్నాను. ఫెర్గూసన్ తర్వాత వచ్చిన డేవిడ్ మోయెస్‌కి ఆరేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చి, పది నెలలు నిండకముందే తీసేశారు. అతని చేతికొచ్చిన కీలక ఆటగాళ్లలో చాలామంది ముప్పై దాటినవాళ్లే. అలాగని అతను బాగా చేశాడని అనట్లేదు. ఐదింటిలో కర్త కూడా ఉన్నాడు, అతని వాటా అతనిదే. తీసేసే హక్కూ క్లబ్‌కి ఉంది. కానీ ఉద్యోగం నుంచి తీసేయడం వేరు, మనిషినే పనికిరానివాడనడం వేరు.

మరి కర్తని దేనితో కొలవాలి? అదే అధ్యాయంలో 26 నుంచి 28 శ్లోకాల దాకా చూడండి. గెలుపోటములకు చలించకపోవడం, ధైర్యం, ఉత్సాహం, ‘నేనే’ అనకపోవడం సాత్త్విక కర్త లక్షణాలు. సోమరితనం, ఈరోజు పని రేపటికి నెట్టడం తామస కర్తవి. అందుకే కొత్త కోచ్ వస్తే, ఓడిన రాత్రి మైక్ ముందు ఏం మాట్లాడాడో వింటాను. గత వారం తప్పు ఈ వారం మళ్లీ జరిగిందా అని చూస్తాను. పోస్ట్‌కి తగిలి వెనక్కొచ్చిన బంతిని మాత్రం అతని ఖాతాలో వేయను. ఆ మూడు శ్లోకాల మీదే వచ్చే శుక్రవారం వీడియో.