తూకంలో మోసం



హిందూపురం మార్కెట్టులో పట్టుగూళ్లు తూచేటప్పుడు రైతు కళ్లు కాటా మీదే ఉంటాయి. ధర్మవరంలో పట్టు ఇచ్చేటప్పుడు ఒక తూకం, చీర తీసుకునేటప్పుడు మరో తూకం అయితే నేతగాడు ఊరుకోడు. తమకు రావలసింది నిండుగా కొలిపించుకుని, ఇతరులకు తగ్గించి ఇచ్చేవారి గురించి దివ్యఖుర్ఆన్‌లో 'ముతఫ్ఫిఫీన్' అనే సూరాయే ఉంది. ఆ హెచ్చరిక సరుకులకే కాదు, తీర్పుకూ, అధికారానికీ వర్తిస్తుంది.

మొన్న పెనుకొండలో జుమా నమాజు తర్వాత ఒక యువకుడు అడిగాడు: "హజ్రత్! మనవాళ్లు గెలిస్తే ఒప్పుకోనివాళ్లే ప్రజాస్వామ్యం గురించి చెబుతారు. ఇక ఓటు వేసి ఏం లాభం?"

అతని బాధ అబద్ధం కాదు. అల్జీరియాలో 1991 డిసెంబరులో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ మొదటి విడత గెలిచింది. 1992 జనవరిలో సైన్యం జోక్యంతో రెండో విడత రద్దయింది. ఇరాక్‌పై దండెత్తిన 2003లోనే అమెరికా అరబ్బు దేశాలకు ప్రజాస్వామ్యం కావాలంది. 2006 జనవరిలో పాలస్తీనా ప్రజలు 132 స్థానాల్లో 74 హమాస్‌కు ఇచ్చారు. హింసను వీడాలి, ఇస్రాయీల్‌ను గుర్తించాలి అంటూ అమెరికా, ఐరోపా సమాఖ్య ఆ ప్రభుత్వానికి సహాయం ఆపేశాయి. ఈజిప్టులో 2012లో ఎన్నికైన ముర్సీని 2013 జూలైలో సైన్యం తొలగిస్తే, సైన్యం ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరిస్తోందని అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ అన్నారు. ఇది రెండు తూకాలు కాక మరేమిటి?

కాని సోదరులారా! పరుల కాటాను చూసిన కళ్లతోనే మన కాటానూ చూసుకోవాలి. అల్జీరియాలో ధర్మం పేరు చెప్పుకున్న సాయుధ ముఠాలు పల్లెల్లో అమాయకులను ఊచకోత కోశాయి. 2007లో గాజాలో హమాస్, ఫతహ్ వర్గాలు పరస్పరం రక్తం చిందించుకున్నాయి. ట్యునీషియాలో 2011లో గెలిచిన అన్నహ్దా మాత్రం 2014 జనవరిలో శాంతియుతంగా గద్దె దిగింది. మరి మన మస్జిద్ కమిటీలో మన మనిషి ఓడితే మనం ఒప్పుకుంటున్నామా?

ఓటు ఒక సాక్ష్యమని ఉలమా చెప్పారు. సాక్ష్యాన్ని దాచటం పాపమని బఖరా సూరా, ఒక జాతిపై ద్వేషం మనల్ని న్యాయం నుండి తప్పించరాదని మాయిదా సూరా బోధిస్తున్నాయి. ఎవరో దొంగ తూకం వేశారని మనం తూకమే మానేస్తామా? మన తూకం సరిగా వేసి చూపుతాం.

ప్రళయదినాన త్రాసు అల్లాహ్ చేతిలో ఉంటుంది. ఆయన మనకు న్యాయంపై నిలిచే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.